పాత లోగిలికి గానుగ సున్నం: ఒక గోడను బాగుచేసే పద్ధతి

గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్ళలో ఇంకా నిలిచి ఉన్న మండువా లోగిళ్ళను చూడబోయినవాళ్ళు సాధారణంగా మూడు చోట్ల ఆగుతారు. వీధి ద్వారబంధం మీది చెక్కడం దగ్గర, మండువా చుట్టూ నిలబడ్డ టేకు స్తంభాల దగ్గర, సావట్లో వేలాడే ఉయ్యాల బల్ల దగ్గర. గోడ దగ్గర ఎవరూ ఆగరు. కానీ టేకు దూలాలను, పెంకుల బరువును తరాల తరబడి మోసింది గోడే. ఆ గోడను వానకూ చెమ్మకూ కరిగిపోకుండా కాపాడింది దాని మీది సున్నపు గార.

ఇప్పుడు ఆ ఇళ్ళకు మరమ్మతు అంటే నాలుగు సిమెంటు బస్తాలు దింపడం అయిపోయింది. ప్రేమతోనే చేస్తారు, కానీ ఇంటికి కీడు జరుగుతుంది. పాత ఇంటి అందం వేరు, అది పనిచేసే తీరు వేరు అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. నిజానికి ఆ రెండూ ఒకటే. చల్లదనం, నునుపు, వెల్ల మీద పడే ఆ మెత్తటి వెలుతురు, అన్నీ సున్నం నుంచి వచ్చినవే. ఒక్క గోడకు పద్ధతిగా గార వేయడం నేర్చుకుంటే ఇల్లు మొత్తాన్ని చూసే కన్ను వస్తుంది. ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగుతుందో ఈ కథనం చెబుతుంది.

1. పనిముట్టు పట్టకముందు ఇంటిని చూడాలి

వీధి అరుగు మీద మొదలుపెట్టి పెరటి గుమ్మం దాకా నెమ్మదిగా నడవాలి. అరుగు ఎత్తు చూడండి. నేల మీది తడి గోడలోకి ఎక్కకుండా ఇంటిని పైకి లేపిన ఏర్పాటు అది. వీధిలో పోయేవాళ్ళు కూర్చోవడానికి చోటు కావడం దాని రెండో ప్రయోజనం. లోపలికి వెళితే గోడ మందం తెలుస్తుంది. ద్వారబంధం లోతును జేనతో కొలిస్తే చాలు, చాలా ఇళ్ళలో రెండు జేనలు దాటుతుంది. పగలంతా ఎండను మెల్లగా తాగి, ఇంటి లోపలికి ఆ వేడిని ఆలస్యంగా పంపేది ఆ మందమే.

మండువాలో నిలబడి పైకి చూడండి. నాలుగు వైపుల నుంచీ కప్పు లోపలికే వాలుతుంది. వేడెక్కిన గాలి పైకి పోవడానికి దారి అదే, వెలుతురు లోపలికి దిగడానికి దారి అదే. వాన కురిస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలో పడి, పల్లంలో ఉన్న తూము గుండా ఇంటి కిందనుంచి బయటికి పోతాయి. అంటే ఈ ఇల్లు వానను బయట ఆపకుండా నడిమింట్లోకి పిలిచి సాగనంపుతుంది. ఇంత ధైర్యమైన ఏర్పాటు నిలవాలంటే కప్పు, తూము, గార మూడూ పని చేయాలి. ఒకటి చెడితే మిగతా రెండింటి మీదా భారం పడుతుంది.

సొంత ఊళ్ళో పాత ఇల్లు లేనివాళ్ళు రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇంటినో, విజయనగరంలో గురజాడ అప్పారావు ఇంటినో చూడవచ్చు. రెండింటినీ స్మారకాలుగా కాపాడుతున్నారు. మహనీయుల జ్ఞాపకాల కోసం వెళ్ళినా, గోడలనూ తలుపులనూ గూళ్ళనూ కూడా ఒకసారి తీరిగ్గా చూసి రావాలి.

2. తడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవాలి

గార రాలిందంటే దాని వెనక నీరు ఉంది. ఆ దారి మూయకుండా కొత్త గార వేస్తే అదీ రాలుతుంది. మరక ఏ ఎత్తులో ఉందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. కింద నుంచి మూడు నాలుగు అడుగుల దాకా పాకి, పైన తెల్లటి ఉప్పు అంచు కట్టి ఆగిపోతే అది నేల నుంచి ఎక్కిన చెమ్మ. పై నుంచి కిందికి చారలుగా దిగితే కప్పు కారుతున్నట్టు. గోడ మధ్యలో ఒక్కచోటే మచ్చలా ఉంటే లోపల గొట్టమో, బయట పగులో వెతకాలి.

మండువా ఇళ్ళలో ముందుగా అనుమానించాల్సింది నాలుగు మూలల్ని. రెండు వాలులు కలిసే ఆ చోట్ల వాననీరు ఒక్కసారిగా చేరుతుంది. అక్కడి రేకు తుప్పుపట్టినా, పెంకు జరిగినా, ఆకులు పేరుకున్నా నీళ్ళు వెనక్కి తన్ని వాసాల మీదికి పోతాయి. పగిలిన పెంకులు మార్చి, మూలల రేకులు బాగుచేసి, తూములో పేరుకున్న మట్టి తీయించాలి. ఇంటి చుట్టూ నేల మట్టం ఏళ్ళ తరబడి పెరిగి అరుగును మింగుతూ ఉంటే ఆ మట్టిని తవ్వి వాలు బయటికి ఉండేలా సర్దాలి. ఈ పనులు అయ్యాక ఒక వానాకాలం గడవనిచ్చి గోడను మళ్ళీ చూడటం మంచిది. తొందర లేని ఇల్లు మనల్నీ తొందరపడొద్దంటుంది.

3. సిమెంటు పూతను విప్పాలి

మన దేశంలో పోర్ట్‌లాండ్ సిమెంటు తయారీ 1914లో పోరుబందరు కర్మాగారంతో ఊపందుకుంది. ఊళ్ళలోని ఇళ్ళ దాకా అది విరివిగా రావడానికి ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది. అంతకు ముందు కట్టిన ఇటుక గోడలు మెత్తటివి. మట్టితోనో సున్నంతోనో పేర్చినవి. కొంచెం తడి పీల్చుకుని, ఎండలోనూ గాలిలోనూ దాన్ని వదిలేసే స్వభావం వాటిది. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి తడికి బయటికి దారి ఉండదు. తడితో పాటు కరిగిన లవణాలు పూత వెనకే గడ్డకట్టి ఇటుకను లోపలినుంచే పొడి చేస్తాయి. బయటికి గోడ గట్టిగానే కనిపిస్తుంది. కొన్నేళ్ళకు ఆ పూత పెద్ద పెద్ద పలకలుగా ఊడినప్పుడు దాని వెంట ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది.

హైదరాబాదులోని కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ చేపట్టిన పునరుద్ధరణలో ముఖ్యమైన పనుల్లో ఒకటి ఇదే. ఇరవయ్యో శతాబ్దంలో వేసిన సిమెంటు పొరలు తీసి, సున్నపు గారను తిరిగి వేశారు. గోపురాలకు వర్తించిన నియమమే మన ఇంటి గోడకూ వర్తిస్తుంది.

విప్పే పనికి చిన్న సుత్తి, వెడల్పు ఉలి చాలు. గోడను అదరగొట్టే యంత్రాలు వద్దు. ముందు వేళ్ళ కణుపులతో గోడ మీద తట్టుతూ పోవాలి. బోలు మోత వచ్చిన చోట పూత అప్పటికే విడిపోయి ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి అంచుల వైపు ఏటవాలుగా ఉలి పట్టి లేపాలి. ఎక్కడైనా పాత సున్నపు గార గట్టిగా, మోత లేకుండా ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. అది ఇంటి అసలు ఒంటిచర్మం. తర్వాత ఇటుకల సందుల్లో వదులైన మట్టిని అర అంగుళం లోతున గీకి తీయాలి, కొత్త గారకు పట్టు దొరికేది అక్కడే. ఉప్పు పొడిని పొడి కుంచెతో దులిపి, చాటలోకి ఎత్తి బయట పారబోయాలి. నీళ్ళతో కడిగితే అది మళ్ళీ గోడలోకే పోతుంది.

4. పాత గారలో ఏముందో చూడాలి

తీసిన ముక్కల్లో గట్టి సున్నపు గార ముక్క ఒకటి దాచాలి. దాన్ని మెల్లగా చితక్కొట్టి, గాజు పాత్రలో వేసి, పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే సున్నం నురగలు కక్కి కరిగిపోతుంది. ఇసుక, ఇటుక రజను అడుగున మిగులుతాయి. చేతికి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని ఆరుబయట చేయాల్సిన పరీక్ష ఇది. ముందు తూచి, మిగిలినదాన్ని కడిగి ఆరబెట్టి మళ్ళీ తూస్తే సున్నం పాలు ఎంతో సుమారుగా తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆ ఇసుక రంగు, గరుకు కళ్ళకు కనిపిస్తాయి. ఇల్లు కట్టినవాళ్ళు ఏ ఏటి ఇసుక వాడారో, ఇటుక పొడి కలిపారో లేదో అదే చెబుతుంది. కొత్త గార దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. పాత గార కన్నా గట్టిది వేయకూడదు. మెత్తటి గోడ మీద గట్టి పూత ఎప్పుడూ గోడకే చేటు.

5. సున్నాన్ని ఎంచుకుని నానబెట్టాలి

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. శుద్ధమైన 100 కిలోల రాయి కాలితే మిగిలేది 56 కిలోలే. దానికి నీళ్ళు తగిలితే భగ్గున వేడెక్కి, ఉబ్బి, మెత్తటి సున్నం అవుతుంది. గోడ మీదికి చేరాక గాలిలోంచి తాను పోగొట్టుకున్న వాయువునే తిరిగి తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. కొండలో రాయిగా ఉన్నది గోడ మీద రాయిగా నిలవడమే గార కథ అంతా.

మనకు రెండు రకాల సున్నం దొరుకుతుంది. ఒకటి రాతి సున్నం. పల్నాడులోని పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు. రెండోది గుల్ల సున్నం. పులికాట్ లాంటి సరస్సుల్లోనూ తీరప్రాంతాల్లోనూ దొరికే గవ్వ, ఆల్చిప్ప గుల్లలను కాల్చి చేసేది. గుల్ల సున్నం తెల్లగా, మెత్తగా ఉంటుంది కనుక పై పూతలకూ వెల్లకూ బాగా పనికొస్తుంది. అడుగు పూతకు రాతి సున్నం చాలు. ఏ రకమైనా, బట్టీ నుంచి వచ్చిన తాజా గడ్డలే కొనాలి. గాలి తగిలి పొడిగా రాలిపోయిన సున్నం అప్పటికే సగం బలం పోగొట్టుకున్నది.

పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గోడకు 20 మిల్లీమీటర్ల మందాన గార వేయాలంటే, వృథా అయ్యేది కూడా కలుపుకుని సుమారు 7 నుంచి 8 ఘనపుటడుగుల గార పడుతుంది. అందుకు 50 కిలోల కాల్చిన సున్నం గడ్డలు తెచ్చుకుంటే సరిపోతుంది.

నానబెట్టడంలో ఒక్క నియమం తప్పకూడదు. తొట్టిలో ముందు నీళ్ళు పోయాలి, తర్వాత సున్నం కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్ళు గుమ్మరిస్తే అది మరిగి ఎగజిమ్ముతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, కాళ్ళకు బూట్లు ఉండాలి, పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. పొరపాటున చర్మానికో కంటికో తగిలితే ధారగా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ప్లాస్టిక్ డ్రమ్ము ఈ వేడికి కరిగిపోవచ్చు. నేలలో తవ్వి ఇటుక పరిచిన గొయ్యి గానీ, ఇనుప డ్రమ్ము గానీ మేలు.

పొగలు తగ్గే దాకా పొడుగు కర్రతో కలుపుతూ ఉండాలి. చల్లారాక సన్నటి జల్లెడలో వడకట్టాలి. పూర్తిగా నానని గడ్డలు అక్కడ ఆగిపోతాయి. అవి గారలో మిగిలితే గోడ ఎక్కాక నెమ్మదిగా ఉబ్బి పొక్కులు పేలుస్తాయి. వడకట్టిన సున్నం మీద నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండాలి. గార పనికి కనీసం రెండు వారాలు, పై పూతకు రెండు మూడు నెలలు నాననివ్వాలి. నానిన కొద్దీ అది వెన్నలా జిగురు పట్టి తాపీ మీద నిలుస్తుంది.

6. ఇసుక, సుర్కీ, కరక్కాయ, బెల్లం

ఏటి ఇసుక కావాలి, అదీ గరుకైనది. పిడికిట్లో నలిపితే కరకరలాడాలి, చేతికి మట్టి మరక అంటకూడదు. గాజు సీసాలో ఇసుక, నీళ్ళు పోసి గిలకొట్టి పెడితే ఒండ్రు పైన వేరే పొరగా తేరుతుంది. ఆ పొర మందంగా ఉంటే ఇసుకను కడగాలి. సముద్రపు ఇసుక పనికిరాదు, అందులోని ఉప్పు గోడను తినేస్తుంది.

సుర్కీ అంటే ఇటుక రజను. బాగా మాడిపోయిన ఇటుక కాకుండా మధ్యస్థంగా కాలిన ఇటుకను దంచి జల్లించాలి. సున్నం ఒక్కటే అయితే గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇటుక రజను కలిసినప్పుడు తడిలోనూ గట్టిపడే గుణం వస్తుంది. అందుకే నీటి కట్టడాలకు పూర్వం దాన్ని విడవలేదు. 1911లో మొదలైన కృష్ణరాజసాగర్ ఆనకట్టను మోక్షగుండం విశ్వేశ్వరయ్య పర్యవేక్షణలో సిమెంటుతో కాకుండా సున్నం, సుర్కీ గారతో కట్టారు. మన ఇంట్లో గోడ అడుగుభాగానికి, నీళ్ళు చిమ్మే మండువా అంచులకు, స్నానాల గది గోడకు సుర్కీ తప్పనిసరి.

కలిపే పాళ్ళకు ఇల్లే ప్రమాణం అని పైన అనుకున్నాం. ఆ పరీక్ష చేయలేకపోతే అడుగు పూతకు సున్నం ఒక పాలు, ఇసుక ఒక పాలు, సుర్కీ ఒక పాలు పెట్టుకోవచ్చు. చెమ్మ తగలని పై భాగానికి సున్నం ఒకటి, ఇసుక రెండు.

కరక్కాయ, బెల్లం నీళ్ళు ముందు రోజే సిద్ధం చేయాలి. కరక్కాయలు చితక్కొట్టి నీళ్ళలో నానేసి, ముదురు గోధుమరంగు దిగాక గుడ్డలో వడకట్టాలి. బెల్లం విడిగా కరిగించి వడకట్టి ఇందులో కలపాలి. బెల్లంలోని చక్కెర సున్నాన్ని నీళ్ళలో ఎక్కువగా కరగనిస్తుంది, గారకు జారుడు ఇస్తుంది, తొందరగా బిగుసుకోకుండా మేస్త్రికి వ్యవధి ఇస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం సున్నంతో కలిసి గారను దిట్టం చేస్తుంది. మారేడు పండు గుజ్జు, నానబెట్టి రుబ్బిన మినప్పప్పు, కలబంద రసం కూడా ప్రాంతాన్ని బట్టి వాడేవారు. వీటిలో ఏదీ ఎక్కువ వేయకూడదు. బెల్లం మోతాదు మించితే గార బిగుసుకోవడం బాగా ఆలస్యమై, పైగా చీమలు పడతాయి. ముందు ఒక పలక మీద నమూనా వేసి, వారం చూసి, అప్పుడు గోడకు ఎక్కించాలి.

7. గానుగ ఆడించాలి

గానుగ అంటే నేల మీద గుండ్రంగా కట్టిన రాతి కాలువ, అందులో దొర్లే రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దులు. తెలంగాణ పల్లెల్లో ఈ గారనే డంగు సున్నం అంటారు. ఎద్దుల గానుగ ఇప్పుడు దొరకడం కష్టం. రెండు ఇనుప రోలర్లతో, మోటారుతో తిరిగే గానుగ అదే పని చేస్తుంది. ఏదీ దొరకకపోతే చిన్న గోడకు సరిపడా గారను రాతి నేల మీద రోకళ్ళతో దంచవచ్చు. కాంక్రీటు కలిపే డ్రమ్ము మాత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు. అది పదార్థాలను తిరగేస్తుందే కానీ నలపదు. సున్నం ప్రతి ఇసుక రేణువుకూ పట్టాలంటే ఒత్తిడి కావాలి.

కాలువలో ముందు సుర్కీ, ఇసుక వేసి ఒక చుట్టు తిప్పాలి. తర్వాత నానిన సున్నం, ఆపైన కరక్కాయ బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా. ఎద్దుల గానుగలో ఒక్కో వాయికి రెండు మూడు గంటలు పడుతుంది. మొదట గట్టిగా, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. నీళ్ళు పోయాలనిపిస్తుంది, పోయకూడదు. నలిగే కొద్దీ సున్నంలోని తడే బయటికి వచ్చి ముద్ద మెత్తబడుతుంది. అయిందో లేదో తెలియడానికి తాపీ మీద కొంచెం తీసి తలకిందులు చేయాలి. పడిపోకుండా అంటుకుని ఉండి, విదిలిస్తే శుభ్రంగా జారితే గార సిద్ధం. రెండు వేళ్ళ మధ్య నలిపితే సున్నం వేరుగా, ఇసుక వేరుగా తెలియకూడదు.

సుర్కీ లేని గారను తడి గోనె కప్పి కొన్ని రోజులు నిలవ ఉంచుకోవచ్చు, వాడే ముందు మళ్ళీ నలపాలి. సుర్కీ కలిపినది మాత్రం ఆ రోజే వాడేయాలి.

8. గోడను తడిపి, పొరలు పొరలుగా వేయాలి

పని మొదలుపెట్టే రోజుల ఎంపిక కూడా పనిలో భాగమే. రోహిణి కార్తె ఎండల్లో గార లోపలికి గట్టిపడకముందే పైన ఎండి పగులుతుంది. ముసురు వానల్లో అసలు ఆరదు. వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం.

ముందు రోజు సాయంత్రం, ఆ రోజు ఉదయం గోడను బాగా తడపాలి. పొడి ఇటుక గారలోని నీటిని గుటుక్కున తాగేస్తుంది. గార బూడిదలా పొడిబారుతుంది. గోడ చల్లగా, చెమ్మగా ఉండాలి, కానీ నీళ్ళు కారుతూ మెరవకూడదు.

గుంటలు లోతుగా ఉంటే ముందు వాటిని ఇటుక ముక్కలు, గార కలిపి పూడ్చి ఆరనివ్వాలి. తర్వాత అడుగు పూత, 10 నుంచి 12 మిల్లీమీటర్లు. తాపీతో గారను విసిరి కొట్టాలి. ఆ దెబ్బకే అది సందుల్లోకి చొచ్చుకుంటుంది, మెల్లగా రాస్తే పైపైన నిలుస్తుంది. మట్టపు కర్రతో సరిచేసి, బిగుసుకునే లోపు అడ్డంగా, ఏటవాలుగా గీతలు గీయాలి. రెండో పూతకు పట్టు అవే.

పాత ఇంటి గోడను తూకపు గుండుతో పూర్తిగా నిటారు చేయాలనుకోవద్దు. పాత గోడకు చిన్న వంపులు, ఉబ్బెత్తులు సహజం. వాటిని సరిచేయబోతే ఒకచోట గార మూడు అంగుళాలు పేరుకుంటుంది, ఆ బరువుకు ఊడుతుంది. గూళ్ళ అంచులు, కిటికీ మూలలు కూడా కత్తితో కోసినట్టు కాకుండా చేత్తో తిప్పినట్టు మెత్తగా ఉంటేనే వెలుతురు వాటి మీద అందంగా పడుతుంది. దీపపు గూడును పూడ్చేయాలన్న సలహా వస్తే వినొద్దు. ఆ గూడు గోడ మందాన్ని ఇంటివాళ్ళు వాడుకున్న తీరుకు సాక్ష్యం.

మొదటి పూత మీద గోరు నొక్కితే గుర్తు పడనంత బిగిశాక, కనీసం వారం పది రోజులకు, మళ్ళీ తడిపి రెండో పూత వేయాలి. ఇది ఇంకొంచెం పల్చన. దీన్ని రుద్దుడు చెక్కతో వలయాలుగా రుద్దాలి. సన్నటి వెంట్రుకవాసి పగుళ్ళు వస్తే కంగారుపడక నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దితే మూసుకుంటాయి.

9. నునుపు పూత

ఎన్ని తరాల చేతులు తాకినా చల్లగా, అద్దంలా మెరిసే స్తంభాలూ గోడలూ చూసినవాళ్ళకు ఈ పూత విలువ తెలుసు. తమిళనాడులోని చెట్టినాడు భవనాల గోడలు దీనికి ప్రసిద్ధం. అక్కడ గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపేవారు.

చాలాకాలం నానిన గుల్ల సున్నాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి, సన్నటి చలువరాతి పొడితో కలిపి రాతి మీద రుబ్బాలి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా, నున్నటి ఇనుప తాపీతో రెండు పల్చటి పొరలుగా వేయాలి. తడి మెరుపు పోయి, చేతికి అంటకుండా, ఇంకా చల్లగా ఉన్న దశలో అసలు పని మొదలవుతుంది. నున్నటి గులకరాయి తీసుకుని ఒకే ఒత్తిడితో, చిన్న చిన్న గుండ్రాలుగా రుద్దుతూ పోవాలి. మధ్యమధ్య బలపపు రాయి పొడిని గుడ్డ మూటలో కట్టి అద్దాలి. గంటల తరబడి చేయాల్సిన పని ఇది. ఒక మనిషి ఒక రోజులో పూర్తి చేయగలిగినంత మేరకే ఆ రోజు నునుపు పూత వేసుకోవాలి, మధ్యలో ఆపితే అతుకు ఎప్పటికీ కనిపిస్తుంది.

ఇల్లంతా ఇలా చేయనవసరం లేదు. పూర్వం కూడా మనుషులు ఆనుకునే చోట, సావడి స్తంభాలకు, ముందు వసారాకు ఈ మెరుగు పెట్టి, మిగతా గోడలకు మామూలు రుద్దుడు, వెల్ల సరిపెట్టేవారు.

10. తడి కాపాడాలి

గార గట్టిపడటం అంటే ఆరిపోవడం కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి చేరాలి, అది చేరడానికి కొంచెం తడి ఉండాలి. మేస్త్రీలు లెక్కగా చెప్పుకునేది నెలకు ఒక మిల్లీమీటరు. అంటే 20 మిల్లీమీటర్ల గార లోపలిదాకా రాయి కావడానికి ఏడాది పైన పడుతుంది. మొదటి రెండు వారాలు తడి గోనెలు వేలాడదీసి, ఉదయం సాయంత్రం పిచికారీతో చెమ్మ చేయాలి. బకెట్లతో గుమ్మరించొద్దు. ఎండ నేరుగా తగిలే గోడకు తడకలు కట్టాలి. ఆ తర్వాత కూడా ఫ్యాన్లు, హీటర్లు పెట్టి తొందరగా ఆరబెట్టడం పనికిరాదు.

11. వెల్ల

చివరికి వెల్ల. నానిన సున్నాన్ని పాలలా పల్చగా కలిపి, గుడ్డలో వడకట్టి, కొంచెం తుమ్మబంక నీళ్ళు, చిటికెడు నీలిమందు చేర్చాలి. చెమ్మగా ఉన్న గోడ మీద మొదటి పూత అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది మళ్ళీ అడ్డంగా. ప్రతి పూత వేసేటప్పుడు గాజులా పారదర్శకంగా ఉండి, ఆరాక తెల్లబడితే సరైన పల్చదనం. వేసేటప్పుడే తెల్లగా కనిపించిందంటే చిక్కగా ఉంది, పొడిగా రాలుతుంది. గోడ అడుగున జాజు పట్టీ తీస్తే వాన చినుకుల మరకలు కనిపించవు, తెల్లటి గోడకు నిండుతనం వస్తుంది. ప్లాస్టిక్ రంగులు మాత్రం వేయొద్దు. ఇంత కష్టపడి గాలి ఆడేలా చేసిన గోడకు మళ్ళీ తొడుగు బిగించినట్టవుతుంది.

గోడ తర్వాత

సున్నపు గోడ ఏటా కొంచెం శ్రద్ధ అడుగుతుంది. సంక్రాంతికి ముందు వెల్ల, వానలకు ముందు పెంకులూ తూమూ చూసుకోవడం, రాలిన చోట అంతమేరకు గార. ఆ శ్రద్ధే ఈ ఇళ్ళ బలం. సన్నటి పగుళ్ళలోకి వాననీరు చేరినప్పుడు కరిగిన సున్నం అక్కడే తిరిగి పేరుకుని వాటిని కొంతమేరకు మూసేస్తుంది. పెద్దవాటిని అదే సున్నంతో మనం మూయవచ్చు. మొత్తం కూల్చి కట్టాల్సిన అవసరం రాకుండా ముక్క ముక్కగా బాగుచేసుకునే వీలు ఉన్న ఇల్లు అది.

ఈ పని తెలిసిన తాపీమేస్త్రీలు ఇప్పుడు ఊళ్ళలో కొద్దిమందే మిగిలారు, వాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. పాత ఇల్లు ఉన్నవాళ్ళు చేయగల గొప్ప మేలు ఒకటుంది. గోడ పనికి అలాంటి పెద్ద మేస్త్రిని పిలిచి, ఆయన పక్కన ఒక కుర్రవాణ్ణి పెట్టి, ఇద్దరికీ పూర్తి కూలి ఇవ్వాలి. కుర్రవాడి చేతిలో తాపీ తిరగడం మొదలైతే ఆ ఊళ్ళో మరో పది గోడలకు దిక్కు దొరుకుతుంది. ఇంటివాళ్ళు కూడా దూరంగా కుర్చీ వేసుకుని చూడకుండా ఒక వాయి గార తామే కలపాలి. ఒక చదరపు గజం తామే రుద్దాలి. ఆ తర్వాత వాళ్ళెవరూ ఆ ఇంటిని అమ్మకానికి పెట్టిన స్థలంగా చూడలేరు. దూలం ఎందుకు అక్కడ ఉందో, అరుగు ఎందుకు ఆ ఎత్తులో ఉందో, వాన ఏ దారిన వెళుతుందో తెలిసిన మనిషి ఆ ఇంటిని నిలబెట్టే దారే వెతుకుతాడు.